నేను యూదుడి వేషం కట్టిన ఏడాది

మా జిల్లాలో యూదుడనేవాడిని కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. నేను చూడలేదు, మా ఆయన చూడలేదు, ఆయనకు పాఠం చెప్పిన పెద్దయ్యగారూ చూడలేదు. అయినా ఆ ఏడాదంతా మా ఇంట్లో యూదుడి మాటే. యూదుడు ఇలా అడిగితే ఏం చెప్పాలి, అలా అడ్డం తిరిగితే ఎలా ఒప్పించాలి అని పొద్దున లేస్తే అదే గోల. నాకు ఒళ్ళు మండేది.

మాది కట్టంగూర్ దగ్గర ఒక ఊరు. అరవైల మొదట్లో సంగతి ఇది. మా ఆయన మా వాడకు ఉపదేశి. అంటే పాస్టరుకు ఒక మెట్టు కింద. ఆదివారం ప్రార్థన నడిపించాలి, మిగతా రోజులు వాడ పిల్లలకు అక్షరాలు దిద్దించాలి, ఎవరైనా పోతే పాతిపెట్టే దగ్గర నిలబడి నాలుగు మాటలు చెప్పాలి. పెళ్ళి చేసే అధికారం మాత్రం లేదు, బాప్తిస్మం ఇచ్చే అధికారం లేదు. మట్టి గోడల ప్రార్థన మందిరం, దాని వెనక గోడకు ఆనించి కట్టిన ఒక అర్ర. ఆ అర్రలోనే మేమిద్దరం, మా అత్త, మా బిడ్డ ఉండేవాళ్ళం.

ఆ ఏడాది మిషన్‌వాళ్ళు ఒక కబురు పెట్టారు. ఇకమీదట ఉపదేశులు ఉండరట. పరీక్షలో నెగ్గినవాళ్ళను పాస్టర్లను చేస్తారు, నెగ్గనివాళ్ళు అర్ర ఖాళీ చేసి ఎవరి దారి వాళ్ళు చూసుకోవాలి. మా దారేమిటో మాకు తెలుసు. మా మామ దొర దగ్గర జీతగాడిగా ఉండి ఉండి, చివరికి దొర బర్రెల కొట్టంలోనే ప్రాణం విడిచినవాడు. ఈ కబురు దొర గడీ దాకా పోనే పోయింది. ఒకరోజు బావి దారిలో దొర మనిషి ఎదురై నవ్వుకుంటూ అన్నాడు.

"ఏమే, నీ మొగనికి పుస్తకాల పని పోతదంట గద? ఫికర్ జెయ్యకుండ్రి. వాళ్ళ నాయిన జాగ ఖాళీగనే ఉన్నది."

ఆ మాట ఇంట్లో చెప్పలేదు. చెబితే అత్త ఆ రోజు అన్నం ముట్టదు.

మా ఆయన ఎండాకాలమంతా మహబూబ్‌నగర్‌లో తరగతులకు పోయి వచ్చాడు. ఒక్కొక్కరికి ఒక్కో విషయం ఇచ్చారు, పరీక్ష రోజు అందరి ముందూ నిలబడి దాని మీద మాట్లాడాలి. ఒకాయనకు ప్రార్థన వచ్చింది, ఒకాయనకు తాగుడు మానడం వచ్చింది. మా ఆయన రాతకు యూదులు వచ్చారు. దేవుడు మెస్సీయ అనే రక్షకుణ్ణి పంపిస్తానని పూర్వం ప్రవక్తలతో చెప్పించాడు. ఆ మెస్సీయ యేసే, వచ్చాడు అని మేమంటాం. రాలేదు, ఇంకా రావాలి అని యూదులంటారు. వాళ్ళు ఎందుకు కాదంటారో, దానికి మనం ఏం చెప్పాలో ఈయన వల్లె వేయాలి. ఎక్కడో సముద్రాల అవతల తయారైన పాఠం, ఎవరో తెలుగు చేస్తే అది తిరిగి తిరిగి మా అర్రలోకి వచ్చి పడింది.

"యూదులేమన్న మోత్కూర్ అంగట్ల ఉల్లిగడ్డలు అమ్ముతున్నరా? వాళ్ళు నిన్నెప్పుడు అడుగుతరు, నువ్వెప్పుడు చెప్తవు?" అన్నాను.

"నవ్వకు. పరీక్షల గిదే అడుగుతరు. నాకు ఎదురు కూసోని అడిగెటోళ్ళు గావాలె. జర నువ్వే యూదుడివి గారాదు?" అన్నాడు.

నేను మిషన్ బడిలో చదువుకున్నదాన్ని, ప్రశ్నలు చదవగలను. పైగా నా నోటికి అడ్డూ ఆపూ ఉండదని ఊరంతా తెలుసు. అట్లా నేను యూదుడినయ్యాను. రోటి దగ్గర దంచుతూ అడిగేదాన్ని, పిడకలు చేస్తూ అడిగేదాన్ని. మా బిడ్డకు ఇది పెద్ద ఆట. దానికి అప్పుడే ఐదో ఏడు పడింది. వాళ్ళ నాయిన రుమాలు తెచ్చి నా నెత్తికి చుట్టి, "నాయినా, యూదుడొచ్చిండు! ఉరికి రా!" అని అరిచేది. అది చుడితే తప్ప నన్ను అడగనిచ్చేది కాదు. ఆ రుమాలు చుట్టుకోగానే నాకూ ఎక్కడలేని పౌరుషం వచ్చేది.

"ఓ పంతులూ! మెస్సీయ దావీదు రాజు వంశంల పుట్టాలె. వంశమంటే తండ్రి తోవ. మీ యేసు తండ్రి లేకనే పుట్టిండంటున్నరు. మరి వంశం ఎట్లొచ్చింది? తండ్రి లేనోనికి రాజ్యం ఎవరిస్తరు?"

ఆయన తడబడకుండా చెప్పేవాడు. "మన పట్వారి ఉన్నడు గద. ఆయన కన్న కొడుకా? కాదు, దత్తత తెచ్చుకున్నరు. మరి పట్వారిగిరి ఎవలు చేస్తున్నరు? ఆయనే చేస్తున్నడు. యేసును పెంచిన తండ్రి దావీదు వంశపోడు. తన కొడుకని పేరు పెట్టి పెంచుకున్నడు. ఇగ వంశం రాకేమైతది?"

"పట్వారి దత్తతకు ఊరంత పిలిచి కాగితం రాసుకున్నరు. మీ దత్తతకు సాక్షులెవరు?" అని నేను వదిలేదాన్ని కాదు. ఆయన నెత్తి గోక్కునేవాడు. బిడ్డ చప్పట్లు కొట్టి, "యూదుడు గెలిసిండు" అనేది. నిజం చెప్పొద్దూ, నాకూ గెలవాలనే ఉండేది.

ఇంకో ప్రశ్న ఉండేది. ప్రవక్త ఒక సేవకుడి గురించి చెప్పాడు. దెబ్బలు తింటాడు, మనుషులు మొహం తిప్పుకుంటారు, గొర్రెను కోతకు తీసుకుపోయినట్టు తీసుకుపోతే నోరెత్తడు. అది యేసే అని మా జవాబు. యూదులేమో అది ఒక్క మనిషి కథ కాదు, మా జాతి మొత్తం కథ అంటారు. ఈ ప్రశ్న అడిగినప్పుడల్లా నాకు వేషం మర్చిపోయి నిజంగానే కోపం వచ్చేది. రజాకార్లు వచ్చినప్పుడు కొట్టింది మా వాడనే. ఆ తర్వాత మిలిట్రీ వచ్చినప్పుడు కొట్టిందీ మా వాడనే. మా అన్నకు ఇప్పటికీ కుడిచెయ్యి పైకి లేవదు.

"వాడకు వాడ దెబ్బలు తింటే, అది ఒక్కని కథ అంటే ఎట్ల ఊకుంటరు? వాళ్ళ బాధ వాళ్ళది అనుకుంటున్నరు. గందుల తప్పేమున్నది?" అన్నాను.

"నువ్వు నిజంగ యూదుడివైపోతున్నవే," అన్నాడు ఆయన నవ్వి. జవాబు మాత్రం చెప్పాడు. జాతి పడ్డ బాధంతా యేసు ఒక్కడే తన మీద వేసుకున్నాడట. బాగానే చెప్పాడు. నేను ఒప్పుకోలేదు.

పాఠంలో యూదులను మొండివాళ్ళని రాశారు. చదివేకొద్దీ నాకు అలా అనిపించలేదు. వాళ్ళకు ఒక మాట ఇచ్చారు. ఇచ్చిన మాట ప్రకారం వచ్చిందా లేదా అని చూసుకుంటున్నారు. రైతు గిత్తను కొనేటప్పుడు పళ్ళు చూస్తాడు, నడిపించి చూస్తాడు. రక్షకుడంతటివాణ్ణి ఒప్పుకునేటప్పుడు ఆమాత్రం చూడొద్దా?

అన్నిటికంటే గట్టి ప్రశ్న ఆఖరుది. మెస్సీయ వస్తే యుద్ధాలు ఆగుతాయని, కత్తులు కరిగించి నాగలి కర్రులు చేసుకుంటారని, ఏడుపు ఉండదని ప్రవక్తలు చెప్పారు. మీ మెస్సీయ వచ్చిపోయి ఎంతో కాలమైంది. యుద్ధాలు ఆగాయా? ఆకలి పోయిందా? తల్లుల ఏడుపు ఆగిందా? మరి ఎవరు వచ్చినట్టు?

పాఠంలో ఉన్న జవాబు రెండు రాకడలు. మొదటిసారి బాధలు పడడానికి వచ్చాడు, రెండోసారి ఏలడానికి వస్తాడు. మిగిలినవన్నీ అప్పుడు జరుగుతాయి. పాఠంలో పొడిపొడిగా ఉన్న ఆ జవాబును మా ఆయన మాకు తెలిసిన మాటల్లోకి తెచ్చుకున్నాడు. దానికోసం ఎన్నో రోజులు తల బద్దలు కొట్టుకున్నాడు.

"తొలకరి పడితె ఏం జేస్తం? విత్తనం పెడ్తం. మొలక వస్తది. గింజ వస్తదా? రాదు. గింజ గావాలంటె మలి వాన పడాలె. తొలకరికే గింజ ఏదని ఎవరన్న అడుగుతరా? ఆయన ఒక్కపారి వచ్చిండు, విత్తనం పెట్టిపోయిండు. మల్ల వస్తడు. మలి వాన పడ్తది, గింజ నిండుతది."

నేను రుమాలు తీసేసి, "ఇగ యూదుడు ఓడిపోయిండు," అన్నాను. అంత బాగుంది ఆ మాట.

మూలకు కూర్చుని జొన్నలు చెరుగుతున్న మా అత్త చేట కింద పెట్టేసింది. మా అత్త ప్రార్థనకు వచ్చేది కానీ, మనసులో ఎల్లమ్మను వదల్లేదు. మా దిక్కున ఒక పద్ధతి ఉంది. విత్తనం భూమిలో పడ్డాక రాబోయే వాన గురించి ఎవరూ నోరు తెరిచి 'పడుతుంది' అనరు. "పడితె చూస్తం" అంటారు, లేదా ఆకాశం దిక్కు చూసి ఊరుకుంటారు. పడుతుందని గట్టిగా అంటే అది వింటుందట, విని తప్పుకుంటుందట. నాగలి పట్టే ప్రతి ఇంట్లో చిన్నపిల్లలకు కూడా ఇది తెలుసు.

"పడని వాన పేరు ఎత్తుతర్రా ఎవలన్న? గదీ దేవుని పేరు మీద పెట్టి? నీ నోరు పడిపోను! ఇంకేదన్న చెప్పుకో కొడుకా, వాన మాట జెప్పకు," అంది.

ఆయన నవ్వి, "గివన్నీ పాత నమ్మకాలే అవ్వా," అన్నాడు. నేనూ నవ్వాను.

విత్తనాలు పెట్టిన ఆదివారం మా ఆయన ఆ మాటనే మందిరంలో ప్రసంగంగా చెప్పాడు. పరీక్షకు ముందు ఒకసారి జనం ముందు చెప్పి చూసుకుందామని ఆయన ఆశ. తొలకరి బాగా పడింది, అందరి మొహాలూ వెలుగుతున్నాయి. ఆయన గొంతు పెంచి, "మలి వాన పడ్తది! తప్పకుండ పడ్తది!" అనేసరికి మగవాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమెన్ అన్నవాళ్ళు తక్కువ.

మలి వాన పడలేదు. జొన్న మోకాలెత్తు పెరిగి, ఆకు చుట్టుకుని, నిలబడ్డ చోటే ఎండిపోయింది. మబ్బు పట్టేది, దేవరకొండ దిక్కు జరిగిపోయేది. మా వాడ బావిలో బురద మిగిలింది. ఊరి బావి మాకు ఉండనే లేదు, దాని గట్టు ఎక్కనివ్వరు. వాగు ఇసుకలో చెలిమెలు తోడుకుని గిన్నెతో నీళ్ళు ముంచుకునేవాళ్ళం. ఆ చెలిమెల దగ్గరికే పశువులూ వచ్చేవి. వాడలో మాటలు మొదలయ్యాయి. ఎదురుగా ఎవరూ అనలేదు. నేను పోతుంటే గుసగుసలు ఆగిపోయేవి. ఉపదేశి నోరు పెట్టాడు, వాన పోయింది. అదీ మాట. మా అత్త మాత్రం ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, తిరిగి తిట్టి కడుపు మంట తీర్చుకునేదాన్ని.

తర్వాత గత్తర వచ్చింది. వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే ఒక్క పూటలో మనిషి పీక్కుపోతాడు. మొదట ముసలివాళ్ళు పోయారు. తర్వాత మా బిడ్డకు పట్టుకుంది. ఆయన భుజానేసుకుని రోడ్డు దాకా ఉరికాడు, వెనక నేను. నల్లగొండ దవాఖానకు పోవాలి, బస్సు లేదు. ఎండలో నిలబడ్డాం. వచ్చిన లారీని ఆపితే ఆపినవాడు బిడ్డను చూసి, జబ్బు పేరు విని, ఎక్కించుకోకుండా పోయాడు. బిడ్డ నీళ్ళు అడిగింది. నా దగ్గరున్నవి ఆ చెలిమె నీళ్ళే. ఇవ్వాలా వద్దా అని చూస్తుండగానే ఆయన భుజం మీదే పోయింది.  ఆ లారీ డ్రైవరును ఇన్నేళ్ళయినా నేను క్షమించలేదు. క్షమించమని గ్రంథంలో ఉంది, తెలుసు. నా వల్ల కాలేదు.

మా వాళ్ళు పాతిపెట్టేటప్పుడు కాళ్ళు తూర్పుకు పెడతారు. యేసు మళ్ళీ వచ్చేది తూర్పు నుంచట. ఆ రోజు లేచి నిలబడితే ఎదురుగా ఆయనే కనిపించాలని అట్లా పెడతారు. తవ్వితే జానెడు లోతులో పరుపుబండ తగిలింది. ఎటు తవ్వినా బండే, మా నేల అటువంటిది. చివరికి బండల మధ్య మట్టి దొరికిన చోట ఉత్తరం దక్షిణంగా తవ్వగలిగారు. తల దక్షిణానికి వచ్చింది, ఊళ్ళో హిందువులు పెట్టినట్టు. సంఘంలో పెద్దమనిషి ఒకాయన మా ఆయన చెవిలో అన్నాడు, నాకు వినపడింది. "గిట్ల పెడితె ఆ దినం బిడ్డ అటు మొకం పెట్టి లేస్తది గదయ్యా."

నాకు పిచ్చెత్తింది. అందరి ముందూ మా ఆయన చొక్కా పట్టుకున్నాను.

"చెప్పు. ఆయన వచ్చిండంటివి గద. వస్తే ఏడుపుండదని రాసి ఉన్నది గద. ఏం పోయింది? ఏం ఆగింది? ఎవరొచ్చిండ్రు? చెప్పు పంతులూ!"

అన్నీ పాఠంలోని మాటలే. రోజూ రోటి దగ్గర కూర్చుని అడిగినవే. ఈసారి నెత్తికి రుమాలు లేదు. ఆయన మెల్లగా నా చెయ్యి విడిపించాడు.  మట్టి తీసుకుని గుంటలో వేసి పక్కకు జరిగాడు. ఆ రోజు ప్రార్థన ఆ పెద్దమనిషే చేశాడు.

ఆ తర్వాత ఇంట్లో యూదుడి మాట ఆగిపోయింది. ఆయన పాఠం తీయలేదు, నేను అడగలేదు. పరీక్ష రోజు దగ్గర పడుతుంటే మా అత్తే ఒకనాడు నన్ను పక్కకు పిలిచింది. "బిడ్డ పోయింది, ఇగ రాదు. వాణ్ణి గా కొట్టానికి పంపకు బిడ్డా. వాళ్ళ నాయిన ఎట్ల పోయిండో నేను జూసిన. నీ కాళ్ళు మొక్కుత," అని నిజంగానే వంగింది. నేను పట్టుకుని లేపాను. పెద్ద మనిషి, నా కాళ్ళు మొక్కడమేమిటి. ఆ రాత్రి వంట చేస్తూ, "పోదాం. ఏదో ఒకటి చెప్పి రా," అన్నాను. ఊఁ అన్నాడు.

పరీక్షకు భార్యలనూ తీసుకురమ్మన్నారు. మహబూబ్‌నగర్‌లో పెద్ద హాలు. మగవాళ్ళు బెంచీల మీద, ఆడవాళ్ళం చాపల మీద. చుట్టుపక్కల ఊళ్ళ సంఘాలవాళ్ళంతా వచ్చారు. అందరివీ ఎండిన చేలే, అందరివీ పీక్కుపోయిన మొహాలే. పెద్దయ్యగారు చాలా మంచి మనిషి, నెమ్మదస్తుడు. ఆయన నవ్వుతూ, "కాసేపు నేను యూదుణ్ణి అనుకో," అని మొదలుపెట్టారు. వంశం గురించి అడిగితే మా ఆయన పట్వారి దత్తత చెప్పాడు. హాలంతా నవ్వింది. సేవకుడి ప్రశ్నకూ బాగానే చెప్పాడు. నాకు కాస్త ఊపిరి ఆడింది.

"మంచిది. ఇది ఆఖరు ప్రశ్న. మీ మెస్సీయ వచ్చాడంటున్నారు. ఆయన వస్తే ఆకలి ఉండదని, చావు ఏడుపు ఉండవని మా ప్రవక్తలు చెప్పారు. ఏదయ్యా? ఏం మారింది?" అన్నారు పెద్దయ్యగారు.

మా ఆయన నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.  పెద్దయ్యగారు మెల్లగా, "రెండు రాకడలు..." అని అందించారు. ఈయన తల ఎత్తలేదు. జవాబు మర్చిపోయాడని అందరూ అనుకున్నారు. మర్చిపోలేదని నాకు తెలుసు. అది నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. పెద్దయ్యగారి పక్కన కూర్చున్నాయన ఇక చాలన్నట్టు తల అడ్డంగా ఊపడం చూశాను.

నాకు బర్రెల కొట్టం కనిపించింది. నా కాళ్ళ దాకా వంగిన మా అత్త కనిపించింది. ఎప్పుడు లేచి నిలబడ్డానో తెలియదు.

"నేను చెప్తనయ్యగారూ. ఆయనే నాకు నేర్పిండు," అన్నాను. "తొలకరి పడితె విత్తనం పెడ్తం. గింజ అప్పుడే రాదు. తొలకరికే గింజ ఏదని అడుగుతమా? ఆయన ఒక్కపారి వచ్చిండు, విత్తనం పెట్టిపోయిండు. మల్ల వస్తడు. మలి వాన పడ్తది. గింజ నిండుతది."

పడ్తది అన్న మాట దగ్గర ఒక్కసారి ఆగాను. అయినా అన్నాను, గట్టిగా అన్నాను. వాన తప్పిన రైతులు, నా ముందు వందల మంది.  ఎక్కడో వెనక నుంచి ఒక ముసలామె "ఆమెన్" అంది. ఆ వెంటనే హాలంతా అంది. కొందరు ఏడ్చారు. పెద్దయ్యగారికి మా బిడ్డ సంగతి తెలుసు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"బిడ్డను పోగొట్టుకున్న తల్లి సాక్ష్యం ఇది. యూదునికే కాదు, ఎవరికైనా ఇంతకన్నా జవాబు అక్కర్లేదు," అన్నారు.

సాక్ష్యమట! కొట్టం భయంతో అన్న మాట అది. నేను కూర్చుని చెంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. అందరూ నాది ఆనందబాష్పాలనుకున్నారు కాబోలు. మా ఆయన నెగ్గాడు. అర్ర మాకే ఉండిపోయింది.

తిరుగు ప్రయాణంలో కల్వకుర్తి దగ్గర బస్సు చాలాసేపు ఆగింది. అందరూ చాయ్ తాగడానికి దిగారు. మేమిద్దరమే మిగిలాం. అప్పుడు అడిగాడు.

"నువ్వు నమ్మే అన్నవా?"

"నిన్ను కొట్టానికి పంపనీకి మనసొప్పక అన్న. నువ్వెందుకు చెప్పలే? నీ మాటనే గద అది."

 "గుంట కాడ నువ్వడిగితె చెప్పలేకపోయిన. నీకు చెప్పలేనిది పెద్దయ్యగారికెట్ల చెప్తా? బిడ్డ మీద ఒట్టు పెట్టి అబద్ధమాడినట్లయితదని భయమైంది," అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఆయన నిజాయితీ ఆయన దక్కించుకున్నాడు. ఆ మాట అనాల్సిన పాపం నాకు వదిలేశాడు. ఆ మాటే అన్నాను. ఆయన తల వంచుకున్నాడు. 

పాస్టరుగా ఆయన చేసిన మొదటి పని పెళ్ళి కాదు, బాప్తిస్మం కాదు. మా వాడలోనే నాకంటే చిన్నదైన ఒక తల్లి కొడుకును పాతిపెట్టడం. పాలు తాగే పిల్లవాడు. కరువు ఇంకా పోలేదు, తల్లికే తిండి లేదు, పాలు ఎక్కడివి. ఆయన కొత్త తెల్ల అంగీ వేసుకుని గుంట దగ్గర నిలబడ్డాడు. మహబూబ్‌నగర్‌లో నేనన్న మాట అప్పటికే ఊళ్ళన్నీ పాకింది, అదే చెప్పమని సంఘంలో పెద్దలు అడిగారు. ఆయన చెప్పాడు. తొలకరి, విత్తనం, మలి వాన. తలెత్తకుండా చెప్పాడు. నేను ఎక్కడ ఆగానో అక్కడే ఆగాడు.

ఆ పిల్ల విన్నది. విని లేచి, మట్టి చేతులతో తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, గీ మాట నువ్వు జెప్పినవంట గద. నీ బిడ్డ సుత పోయింది గద. నిజమేనా అక్కా? మల్ల వస్తడా? నా పోరడు లేస్తడా?"

అందరూ నా మొహం చూస్తున్నారు. సంఘం పెద్దలు చూస్తున్నారు. అందరికంటే ఆశగా చూస్తున్నది మా ఆయన. ఒక్కసారి అన్నదాన్ని రెండోసారి అనడమెంతసేపు? కానీ ఆ పిల్ల కళ్ళలోకి చూసి అనలేకపోయాను. అర్ర పోతే పోనీ అనిపించింది.

"నాకు తెల్వది చెల్లె," అన్నాను. "నేను సుత గదే అడుగుతున్న."

సంఘం పెద్ద గొంతు సవరించుకున్నాడు. మా ఆయన చేతిలోని గ్రంథం మూసి, కొత్త అంగీతోనే మట్టిలో కూలబడ్డాడు. ఆ పిల్ల మాత్రం నా చెయ్యి వదల్లేదు.

"ఎవల్ని అడుగుతున్నవక్కా?"

"మల్ల వస్తనన్న ఆయన్నే."

"ఏమన్నడు?"

"ఇంకా ఏమనలే," అన్నాను.